పెదాల మాట

ఆ ఎండాకాలం మా పేటని చూడ్డానికి జనం రావడం మొదలుపెట్టారు. మిల్లు మూతపడ్డాక మా సందుల్లోకి తొంగిచూసినవాళ్ళు పాత ఇనుము కొనేవాళ్ళే. అలాంటిది ఆదివారం పొద్దున్నే టోపీలూ నల్లకళ్ళద్దాలూ పెట్టుకుని, నీళ్ళ సీసాలు భుజాన వేలాడేసుకుని, పెళ్ళివారిలా గుంపుగా దిగేవాళ్ళు. మిల్లు గేటు దగ్గర మొదలుపెట్టి, పొగగొట్టం కింద మెడలు నొప్పెట్టేదాకా పైకి చూసి, లైను ఇళ్ళ మధ్యగా నడిచి, మా సందులో టీ తాగి వెళ్ళేవాళ్ళు. పెచ్చులూడిన మా గోడ ముందు వంగి మరీ ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఆ గోడకి సున్నం కొట్టించమని నేను మా అబ్బాయి ప్రాణం తోడేస్తుండేదాన్ని.

"ఇప్పుడు కొట్టిస్తే నీ కోడలు ఊరుకుంటుందా అమ్మా? ఆ పెచ్చులే మన ఆస్తి" అన్నాడు వాడు.

ఇదంతా కోడలి పనే. పేటలో ఆడవాళ్ళని పోగేసి సంఘం పెట్టింది. పేటని పడగొట్టి గోదాములు కట్టాలని పైవాళ్ళ ఆలోచన. నలుగురూ వచ్చి చూసే చోటని పేరొస్తే పడగొట్టడానికి కాస్త వెనకాడతారని ఆ పిల్ల నమ్మకం. నమ్మకం కుదిరాక ఇక తిండీ నిద్రా లేవు. ఎవరింట్లో పాత లాంతరుందో, ఎవరి అటక మీద మిల్లు హాజరు బిళ్ళ ఉందో వెతుక్కుంటూ గడపగడపా తిరిగింది. తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, మగ్గాల షెడ్డులో మీరందరూ పెదాలతో మాట్లాడుకునేవారట కదా?"

"మరి? ఆ మోతలో నోటితో మాట్లాడితే ఎవరికి వినపడుతుంది?"

మగ్గాల షెడ్డు మోత ఎలా ఉంటుందో చెబితే తెలిసేది కాదు. పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా గాలి తగులుతుందే గానీ మాట తగలదు. అందుకని గొంతు మానేసి, పెదాలు బారుగా కదిపి, కళ్ళూ కనుబొమలూ కలిపి మాట్లాడేవాళ్ళం. పది మగ్గాల అవతల ఉన్న మనిషితో కూడా పెళ్ళి సంబంధాలు మాట్లాడి ముగించేవాళ్ళం. మేస్త్రీ మా మధ్య నుంచి నడిచి వెళుతున్నా, వాడినే తిట్టుకుంటున్నామని వాడికి తెలిసేది కాదు.

"ఇప్పుడు పేటలో ఆ మాట తెలిసినవాళ్ళు మీరూ చిన్నత్తయ్యా, ఇద్దరే మిగిలారు. వచ్చినవాళ్ళ ముందు ఒక్క పావుగంట మాట్లాడుకోండి. అంతే."

చిన్నత్తయ్య అంటే నా తోడికోడలు. నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"ఆవిడతోనా? ఆవిడతో నేను మాట్లాడి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు? నువ్వీ ఇంటికి రాకముందు మాట అది."

"అందుకే కదత్తయ్యా, మిమ్మల్ని మాట్లాడమనట్లేదుగా! పెదాలు కదిపితే చాలు."

నేను మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాను.

మా గొడవ పెద్దదేం కాదు. అత్తగారు పోయాక ఉన్న ఒక్క గదినీ రేకులతో రెండు చేసుకున్నాం. కిటికీ వాళ్ళ వైపు పోయింది. కిటికీ గాలి వాళ్ళకి, రేకు సెగ మాకు. "చిన్నదాన్ని, చంటిపిల్లాడున్నాడు" అని ఆవిడ, "పెద్దదాన్ని, అడిగి తీసుకోవాలి" అని నేను. మాటా మాటా పెరిగింది. తర్వాత మాట ఆగింది. మా ఆయన పోయినప్పుడు వచ్చింది, మూల కూర్చుని ఏడ్చింది, వెళ్ళింది. మరిది పోయినప్పుడు నేనూ వెళ్ళాను, ఏడ్చాను, వచ్చాను. మాట మాత్రం లేదు. రేకుకి ఇటు నేను దగ్గితే అటు ఆవిడ మంచం కిర్రుమనేది. అంతే మా కబుర్లు.

మొదటి ఆదివారం నన్ను సందు చివర పంపు దగ్గర నిలబెట్టింది కోడలు. ఆవిడని మెట్ల మీద. మధ్యలో జనం. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, పొడుగాటి చేతుల రవికె వేసుకుని, బిగుసుకుని నిలబడింది. నేనూ అంతే. జనం ఇటు చూసి, అటు చూసి, ఎవరు మొదలుపెడతారా అని ఎదురు చూస్తున్నారు.

చివరికి ఆవిడే పెదవి విప్పింది.

"ముందు పన్నేది? సగం మాటలు తెలిసి చావవు నీవి."

"ఊడింది. రోజూ మొహం చూసే మనిషికైతే తెలిసేది."

"చూడ్డానికి ఏముందని ఆ మొహంలో?"

"కిటికీ మింగినదానివి, నీకు మొహాలెందుకు?"

"కిటికీ మింగానా? వానొస్తే జల్లంతా నా పక్క మీదే. తడిసిన పరుపు నువ్వు ఎండేశావా ఎప్పుడైనా?"

కళ్ళు పెద్దవి చేసి, మెడలు సాచి, చేతులు తిప్పి, ఇద్దరం ఏళ్ళ తరబడి దాచుకున్నవన్నీ వదిలేశాం. గొంతు బయటికి రాలేదు. జనం నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ఏమంటున్నారు వాళ్ళు?" అనడిగాడు ఒకాయన.

కోడలికి పెదాల మాట అక్షరం రాదు. అయినా తడుముకోలేదు. "భోజనమైందా అని అడుగుతున్నారండీ ఒకరు. రా, కలిసి తిందాం అంటున్నారు రెండోవారు."

చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. మర్నాటికి కోడలు కాగితం అచ్చువేయించి తెచ్చింది. ఈ మధ్యే అక్షరాలు నేర్చుకున్నాను కనక వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. 'ఆప్యాయంగా కబుర్లాడుకునే తోడికోడళ్ళు.' చదివి చదివి నవ్వొచ్చి మంచం మీద కూలబడ్డాను. రేకు అవతల కూడా ఎవరో నవ్వుతున్న చప్పుడు. ఆవిడ కొడుకు చదివి వినిపించినట్టున్నాడు.

నిజం చెప్పాలంటే, ఆ తర్వాత నాకు వారమంతా ఆదివారం మీదే ధ్యాస. గిన్నెలు తోముతూ తిట్లు కూర్చుకునేదాన్ని. ఇది మొదట అనాలి, అది ఆఖర్న అనాలి. తీరా ఎదురుపడ్డాక మాత్రం తిట్లు పల్చబడసాగాయి. "మోకాలు కుంటుతున్నావేం?" అంది ఒకసారి. "నీ కొడుకు టీ బాగా పెడుతున్నాడట కదా" అన్నాను నేను. ఆమె మొహం విచ్చుకుంది. ఏ పనిలోనూ నిలవని కుర్రాడు వాడు. బస్సుల్లో చేశాడు, మెకానిక్కు దగ్గర చేశాడు, అన్నీ వదిలేశాడు. ఇప్పుడు వచ్చినవాళ్ళకి టీ పెట్టి పోసే పని సంఘం వాడికి అప్పగిస్తే, ఆదివారం తెల్లారకముందే లేచి పొయ్యి ముట్టిస్తున్నాడు. "కప్పులు తళతళలాడాలంటాడు. నన్ను ముట్టుకోనివ్వడు" అంది పెదాలతోనే.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం. ఆ రోజు గుంపు పెద్దది. పిల్లలు కూడా ఉన్నారు. నేను పంపు దగ్గర నిలబడి, "ఏం, ఇవాళ మౌనవ్రతమా?" అన్నాను. ఆవిడ కాసేపు నన్నే చూసింది. జనం తలల మీదుగా, తాపీగా, నాకు స్పష్టంగా తెలిసేలా పెదాలు కదిపింది.

"నాకు రొమ్ములో గడ్డ ఉంది."

నేను కదల్లేదు.

"ఎడమ పక్కన. చలికాలం ముందు నుంచి. పెరుగుతోంది." కళ్ళతో జనాన్ని చూపించింది. "నవ్వు. చూస్తున్నారు."

నవ్వాను. ఎలా నవ్వానో తెలీదు.

"ఎవరికి చెప్పావు?"

"నీకే."

"వాడికి?"

"మగపిల్లాడు. వాడికేం చెప్పను, ఎలా చెప్పను? ఇప్పుడిప్పుడే కుదురుకున్నాడు. నువ్వూ చెప్పకు. చెబితే నా శవం చూసినట్టే."

"ఏమంటున్నారండీ?" అని ఎవరో అడిగారు. "వానలు ఎప్పుడొస్తాయో అని అనుకుంటున్నారు" అంది కోడలు. అందరూ ఆకాశం వైపు చూశారు.

ఆ వారం నేను ఒకచోట కూర్చున్నది లేదు. ఊడ్చిన ఇల్లే ఊడ్చాను. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వచ్చి నిలబడ్డాను, పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. రేకుకి చెవి ఆనించి ఆవిడ మసులుతున్న చప్పుడు వినేదాన్ని. మాట్లాడుకోవాలంటే మొహం కనపడాలి. రేకులో నుంచి మొహం కనపడదు. గడప తొక్కి వెళదామంటే ఇన్నేళ్ళ బిగువు. బిగువు చంపుకుని ఒకరోజు వెళ్ళాను కూడా. గుమ్మంలోనే ఆవిడ కొడుకు కూర్చుని కప్పులు తుడుస్తున్నాడు. నన్ను చూసి కప్పు జారవిడవబోయాడు.

"పెద్దమ్మా! నువ్వేంటి ఇటు?"

వాడి వెనక చీకట్లోంచి ఆవిడ మొహం తేలింది. "నోరు తెరిచావంటే చూడు" అన్నాయి పెదాలు.

"జల్లెడ... జల్లెడుందా మీ ఇంట్లో?" అన్నాను.

"ఉంది పెద్దమ్మా, కూర్చో."

"కూర్చోను. పొయ్యి మీద పెట్టి వచ్చాను."

ఆ జల్లెడ పట్టుకుని ఇంటికి వస్తే కోడలు వింతగా చూసింది. "మనకి రెండున్నాయి కదత్తయ్యా?"

"ఉంటే? మూడోది ఉండకూడదా?"

"మీరీమధ్య బాగాలేరు. పొద్దున పంచదార డబ్బాలో ఉప్పు పోశారు. మీ అబ్బాయి టీ తాగి మొహం ఎలా పెట్టాడో చూశారా?"

"వాడి మొహం పుట్టినప్పట్నించీ అలాగే ఉంది" అని తప్పించుకున్నాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. శవం మాట గుర్తొచ్చి మింగేశాను.

తర్వాత ఆదివారం జనం సర్దుకోకముందే అడిగాను. "వెళ్ళావా ఆస్పత్రికి?"

"లేదు."

"ఎందుకు వెళ్ళవు?"

"కోస్తారు."

"కోయకపోతే?"

మొహం పక్కకి తిప్పేసుకుంది. పెదాల మాటలో అదొక సుఖం. మొహం తిప్పుకుంటే చాలు, ఎదుటివాళ్ళు గోడకి చెప్పుకోవాల్సిందే. మళ్ళీ తిరిగినప్పుడు అంది, "పెద్దవాళ్ళెవరో వస్తారట కదా పేటని చూసి తేల్చడానికి. అది అయిపోనీ. వానలు పడగానే వెళతా. ఒట్టు."

ఆవిడ ఒట్లు నాకు తెలుసు. షెడ్డులో మేస్త్రీకి కూడా ఇలాగే వేసేది. పైగా ఆ రోజు గమనించాను. ఎడమ చెయ్యి పైకెత్తడం లేదు. కొంగు సర్దుకోవాలన్నా కుడిచేత్తోనే. ఇంత ఎండలో పొడుగు చేతుల రవికె ఎందుకో అప్పుడు అర్థమైంది. చెయ్యి వాచింది.

పెద్దవాళ్ళు వచ్చే ఆదివారం రానే వచ్చింది. సందంతా కడిగారు. కోడలు గొంతు పట్టేలా అరిచి అందరినీ వరసలో పెట్టింది. నా దగ్గరికి వచ్చి కొంగు సరిచేసింది.

"అత్తయ్యా, ఇవాళ మీదే ముఖ్యం. మనిల్లు నిలబడాలా వద్దా అనేది ఇవాళే. కాస్త బాగా నవ్వుతూ..."

"అలాగేలే" అన్నాను.

వచ్చారు. తెల్లచొక్కాల వాళ్ళు ముందు, గొడుగులు పట్టినవాళ్ళు వెనక. గేటు చూశారు, పొగగొట్టం చూశారు, మా పెచ్చులు చూశారు. మా సందులోకి వచ్చి నిలబడ్డారు. కోడలు గొంతు సవరించుకుని, "ఇప్పుడు మీరు చూడబోయేది..." అని మొదలుపెట్టింది.

మెట్ల మీద నుంచి ఆవిడ, "కానీ, మొదలుపెట్టు" అంది.

నేను ఒక్కటే మాట అన్నాను. "ఇప్పుడు వస్తావా ఆస్పత్రికి?"

"పిచ్చా? తర్వాత."

మిల్లులో సమ్మె అంటే జెండాలూ నినాదాలూ తర్వాత వచ్చేవి. ముందు చేసేది మగ్గం ఆపి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడడం. పెదవి కూడా మెదపకూడదు. ఒక మగ్గం ఆగితే పక్కది, పక్కది ఆగితే దాని పక్కది. ఆ మోత అలా తగ్గుతూ తగ్గుతూ వచ్చి, షెడ్డులో మొదటిసారిగా మా ఊపిరి మాకు వినపడేది. నేను చేతులు కట్టుకున్నాను. నోరు మూసుకున్నాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాయి ఆవిడ పెదాలు.

నేను చూస్తూ నిలబడ్డాను.

"చూస్తున్నారు. ఏదో ఒకటి అను. నీ కోడలి మొహం చూడు."

కోడలి మొహం చూడలేదు. చూస్తే చేతులు విడిపోతాయని తెలుసు.

"నీకు దండం పెడతాను. ఇల్లు పోతుందే!"

పోనీ అని కూడా అనలేదు. అంటే మాట్లాడినట్టు.

ఎవరో దగ్గారు. గొడుగులవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎండ నెత్తిన కొడుతోంది. పంపు నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. "అత్తయ్యా" అని కోడలు మెల్లగా పిలిచింది. రెండోసారి కాస్త గట్టిగా పిలిచింది. మూడోసారి పిలవలేదు. నా కళ్ళెటు ఉన్నాయో అటు తిరిగి ఆవిడని చూసింది. మెట్ల మీద ఆవిడకి పెదాలు వణుకుతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. కోడలు చదువుకున్న పిల్ల, పెదాల మాట రాకపోవచ్చు గానీ కళ్ళున్నాయి. ఒక్క క్షణం ఆగి, వచ్చినవాళ్ళ వైపు తిరిగింది.

"ఇది సమ్మె అండీ" అంది నిబ్బరంగా. "మా మిల్లులో సమ్మె ఇలా జరిగేది."

తెల్లచొక్కాల వాళ్ళు గుసగుసలు మానేశారు. ఒకాయన టోపీ తీశాడు.

అప్పుడు ఆవిడ పెదాలు కదిలాయి. "వస్తాను."

"ఇప్పుడే?"

"ఇప్పుడే. చేతులు దించవే తల్లీ, మహాతల్లీ."

నేను జనం మధ్య నుంచి నడిచి వెళ్ళి ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నాను. మెట్లు దింపి, సందు దాటించి, రోడ్డు మీదికి తీసుకెళ్ళి ఆటో ఆపాను. వెనక చప్పట్లు వినపడుతూనే ఉన్నాయి. పేట సంగతి అప్పటికి గట్టెక్కింది, పడగొట్టడం ఇప్పటికీ ఏటా వాయిదాలే. ఆరోజు వచ్చినవాళ్ళు సమ్మె ఘట్టం బ్రహ్మాండమన్నారట. దాన్నే ప్రతి ఆదివారం చేయించమని సంఘానికి చెప్పి వెళ్ళారట. కోడలు నాకు ఆ మాట చెప్పి, నవ్వాలో తిట్టాలో తెలీక నా మొహం చూసింది.

తర్వాత సంగతి తర్వాత. కోశారు. మందులెక్కించారు. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. ఇప్పుడు నాకంటే ఒత్తుగా ఉందని రోజుకోసారి గుర్తు చేస్తుంది. నాకు మాత్రం ఇవన్నీ కాదు, ఆ ఆదివారం ఆస్పత్రి హాలే కళ్ళముందుంటుంది.

పెద్ద హాలు. ఆదివారమైనా బెంచీలన్నీ నిండిపోయాయి. చివర తెరకట్టి, దాని వెనక డాక్టరమ్మ కూర్చుంది. మా వంతు వచ్చింది. డాక్టరమ్మ చిన్న పిల్ల. "ఏంటమ్మా ఇబ్బంది?" అంది.

మా తోడికోడలు నా వైపు చూసింది. నేను చెబుతానేమోనని. నేను నోరు మెదపలేదు. చివరికి తనే చెప్పింది, గొంతుతో. రేకు అవతలి గొణుగుడు కాకుండా, ఇంత దగ్గరగా ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో. బొంగురుపోయింది, ముసలిదైపోయింది. ఎక్కడ ఉంది, ఎప్పట్నుంచి, ఎంతుంది, అన్నీ చెప్పింది. కొడుక్కి చెప్పలేక, గుడ్డల్లో దాచి దాచి, చీకట్లో తడుముకున్నదంతా హాలు మొత్తం వినేలా చెప్పింది. తెర అవతల మాటలు ఆగిపోయాయి.

"అమ్మా, కాస్త మెల్లగా చెప్పండి" అంది డాక్టరమ్మ.

"మెల్లగానే చెబుతున్నానమ్మా!" అని అరిచింది ఆవిడ.

"మెల్లగానే చెబుతోందండీ, మగ్గాల మోతకి మా చెవులే అలా అయ్యాయి" అని నేనూ అరిచాను. హాల్లో ఎవరో ఫక్కున నవ్వారు. డాక్టరమ్మ కూడా పెదవి కొరుక్కుని తల వంచుకుంది.

పరీక్షలు రాసిచ్చి బయట కూర్చోమంది. తెర తొలగించి ఇవతలికి వచ్చేసరికి ఆవిడ కొడుకు నిలబడి ఉన్నాడు. భుజం మీద కప్పులు తుడిచే గుడ్డ అలాగే ఉంది. ఆటో ఎటు వెళ్ళిందో కనుక్కుని కోడలు వాణ్ణి బండి మీద తీసుకొచ్చినట్టుంది, గుమ్మం దగ్గర చెమటలు తుడుచుకుంటోంది. వాడు ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో అడగక్కర్లేదు. మొహమే చెబుతోంది.

తల్లీ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారు. వాడు ఏదో అనబోయాడు.

"కప్పులు కడిగావా?" అంది ఆవిడ.

వాడు తల అడ్డంగా ఊపాడు.

"అలా ఎంగిలి కప్పులు వదిలేసి వస్తే ఎలారా?"

వాడు వెళ్ళలేదు. అక్కడే నిలబడి గుడ్డ చేతుల్లో నలుపుతున్నాడు. నేను ముందే బెంచీ చివర చోటు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వచ్చి నా పక్కన కూలబడింది. మొహం నా వైపు తిప్పింది. పెదాలు కాదు, గొంతే విప్పింది, హాలంతా మళ్ళీ తిరిగి చూసేంత గట్టిగా.

"కాస్త జరుగక్కా, పిల్లాడు కూర్చుంటాడు."

నేను జరిగాను.